అమావాస్య గది

మా అత్తగారు పోయారు. శుక్రవారం పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, వాకిలి వైపు కుర్చీలో కూర్చుని, "అమ్మాయ్, కాఫీ" అన్నారు. డికాషన్ ఇంకా దిగలేదు. "వస్తున్నానండీ" అని వంటింట్లోంచే కేకేశాను. గ్లాసు తీసుకొచ్చేసరికి ఆమె తల పక్కకి వాలి ఉంది. నిద్ర అనుకున్నాను. కాఫీ చల్లారిపోతుందని భుజం తట్టాను కూడా.

చూడవచ్చినవాళ్ళంతా, "ఎవరి చేతా చేయించుకోకుండా పోయింది, అదృష్టవంతురాలు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది. కాఫీ కూడా తాగకుండా పోవడంలో అదృష్టం ఏముందో నాకు అర్థం కాలేదు.

మద్రాసు తొండియార్‌పేటలో మా వీధి దాటితే ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. ఆమె కచేరీలు చేయలేదు. రేడియోలో పాడలేదు. గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నదీ లేదు. కానీ మా ఇంటి వెనక ఒక గది ఉంది. ఆ గదిలో ఆమె తన పాటలు తానే కట్టుకుని, తానే పాడి, టేపు మీదికి ఎక్కించుకున్నారు. ఏళ్ళ తరబడి చేశారు ఆ పని. ఎవరూ అడగలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ గది మూతపడకూడదన్న ఒక్క పట్టుదల తప్ప ఆమెకి ఇంకే పెద్ద కోరికా ఉన్నట్టు నేను చూడలేదు. అందుకని ఆ గది గురించే చెబుతాను. అది చెబితే ఆమెని చెప్పినట్టే.

నేను గుంటూరు వైపు పిల్లని. అరవైల చివర్లో పెళ్ళయి మద్రాసు వచ్చాను. మా అత్తగారివాళ్ళది తరాల కిందట వచ్చి స్థిరపడిన కుటుంబం. ఎప్పుడొచ్చారో వాళ్ళకే తెలియదు. పప్పులు, ఎండుమిరప, ధనియాల టోకు వ్యాపారం. వాళ్ళ మాట తెలుగులో బయల్దేరి అరవంలో దిగేది. "ఇక్కడ పెట్టమంటారా అత్తయ్యగారూ?" అని నేను అడిగితే, "ఈడనే పెట్టు" అని నవ్వేవారు. "మీ తెలుగు అచ్చు పుస్తకం మాదిరి ఉండాది పిల్లా. ముట్టుకుంటే నలిగిపోతాదేమోనని బయ్యంగా ఉండాది" అనేవారు. నాకు కోపం వచ్చేది. కోపం వచ్చినట్టు మొహంలో తెలిసిపోవడం నా జబ్బు. అది చూసి ఆమె ఇంకా నవ్వేవారు.

ఆ ఇంట్లో నన్ను మొదట పలకరించింది మనుషులు కాదు, మోత. మా పెరటి గోడకి ఆనుకునే కంచరివాళ్ళ కార్ఖానా. పొద్దున్నే ఇత్తడి రేకుల మీద సుత్తులు మొదలయ్యేవి. బిందెలు, అండాలు, గుండిగలు. ముహూర్తాల కాలం అయితే ఆదివారం కూడా విడవకుండా కొట్టేవారు. ఆ మోత మధ్యలో మా అత్తగారు చేటలో కందిపప్పు పోసుకుని, రాళ్ళు ఏరుతూ, ఏదో ఒకటి పాడుకుంటూ ఉండేవారు. అవి నాకు తెలిసిన పాటలు కావు. ఎవరికీ తెలిసినవి కావు. అప్పటికప్పుడు ఆమె కట్టుకున్నవి.

"ఈడ నిద్ర, ఆడ నిద్ర, యాడ పోయె నీ నిద్ర?
గోడ మింద పిల్లి కాడ కుదవ బెట్టినావా?"

ఇది మా ఆయన పసివాడుగా ఉన్నప్పుడు కట్టిన జోలపాట. ఇలాంటివి వందలు ఉండేవట. ఉండేవట అని ఎందుకంటున్నానంటే చాలా వరకు పోయాయి. నిన్న పాడింది ఇవాళ అడిగితే, "ఏమో, మర్చిపోయినా" అనేసేవారు. ఆమెకి దిగులు లేదు. దిగులంతా మా మామయ్యగారిది. ఒక సాయంత్రం కొట్టు నుంచి వచ్చి, వాన చూస్తూ, "అది పాడు. పిల్లోడికి అమ్మవారు పోసినప్పుడు పాడితివే, వాన పాట" అన్నారు. ఆమె ఎంత ప్రయత్నించినా మొదటి మాట కూడా గుర్తు రాలేదు.

"పోతే పోనీ. ఇంకోటి కడతా."

"ఇంకోటి ఇంకోటే కదా. అది అది కాదు కదా" అన్నారు మామయ్యగారు. ఆయన ఆ పూట సరిగ్గా తినలేదు. నాకు అప్పట్లో ఆశ్చర్యంగా ఉండేది, మిరపకాయల మూటల మధ్య బతికే మనిషికి ఒక పాట పోయిందని అన్నం సయించకపోవడం ఏమిటని. తర్వాత తర్వాత ఆశ్చర్యపోవడం మానేశాను.

కొన్నాళ్ళకి ఆయన పాత సామాన్ల బజారులో ఒక స్పూలు టేప్ రికార్డర్ కొనుక్కొచ్చారు. గోనెసంచిలో చుట్టుకుని, బండిలో పెట్టించుకుని, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చారు. మైకు దానితోనే వచ్చింది. ఇంటి వెనక మిరపకాయల గోడౌను గది ఒకటి ఖాళీ చేయించారు. "ఇది ఇంకమీదట పాట గది" అన్నారు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయారు. ఆమెకి సిగ్గు వేస్తే అలాగే పోయేవారు.

గదిలో మాట్లాడితే మాట గోడకి తగిలి తిరిగి వచ్చేది. దానికి మందు కూడా మామయ్యగారే కనిపెట్టారు. కోడంబాకంలో ఒక స్టూడియో క్యాంటీనుకి మా పప్పు పోయేది. ఒకసారి ఆయన సరుకుతోపాటు వెళ్ళి, పాటలు రికార్డు చేసే గది తలుపు తెరిచి ఉంటే తొంగి చూసి వచ్చారు.

"గోడలకంతా పరుపులు కట్టుండారే! శబ్దం యాడా తగల్దు. మనకాడ పరుపులు లేకపోతే ఏంది, గోతాలు లేవా?"

గోతాలకి ఆ ఇంట్లో ఏం కొదవ? నాలుగు గోడలకీ, పైన దూలాలకీ ఖాళీ గోతాలు మడతలు మడతలుగా కొట్టించారు. గది నిజంగానే మెత్తబడింది. చిటిక వేస్తే చిటిక దగ్గరే ఆగిపోయేది. మంచిరోజు చూసి అత్తగారిని కూర్చోబెట్టారు. ఆమె శ్రుతి పెట్టె ముందు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గుండె నిండా గాలి పీల్చి, పాడబోయి, దగ్గడం మొదలుపెట్టారు. ఆమె దగ్గు చూసి నేను దగ్గాను. మామయ్యగారు తుమ్మారు. మేము కట్టించినవన్నీ ఏళ్ళ తరబడి గుంటూరు మిరపకాయలు మోసిన గోతాలు. ఎండలో ఎన్ని రోజులు వేసినా ఆ ఘాటు పోదని మిరప వ్యాపారికే తట్టలేదు. మొదటి టేపు మీద ఉన్నది పాట కాదు, మా ముగ్గురి దగ్గు.

"మీ ఊరోళ్ళు నా మింద పగ పట్టినారు పిల్లా" అన్నారు అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

మిరప గోతాలు పీకి ధనియాల గోతాలు కొట్టించారు. అవి ఇప్పటికీ ఉన్నాయి. మైకు దేనికి తగిలించాలా అని వెతికి, పైన ఎప్పటిదో ఊయల కొక్కెం ఉంటే దానికి తాడు కట్టి వేలాడదీశారు. ఫ్యాను తిరిగితే గాలి రొద పడుతుందని ఆపేసేవారు. మద్రాసు ఉక్కలో, తలుపు మూసిన గోతాల గదిలో, ఫ్యాను లేకుండా కూర్చోవడం అంటే ఏమిటో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. మిషన్ నొక్కే పని నాకు అప్పజెప్పారు. మా ఆయన కొట్టు చూసుకోవాలి. మామయ్యగారికి కళ్ళజోడు లేకపోతే మీటలు కనపడవు. ఇక మిగిలింది నేనే.

దగ్గు తగ్గింది కానీ సుత్తులు తగ్గలేదు. గోడలకి ఎన్ని గోతాలు కట్టినా కంచరివాళ్ళ దెబ్బలు పాటకన్నా ముందు మైకులోకి దూరేవి. చీకటి పడ్డాక చేద్దామంటే, ఆ వేళకి కరెంటు బలం తగ్గి మిషన్ నీరసంగా తిరిగేది. అలా ఎక్కించింది మర్నాడు వింటే ఆమె గొంతు పదేళ్ళ పిల్ల కీచుమన్నట్టు వచ్చేది. ఆమె పకపకా నవ్వి, "ఎవురే ఈ పాప?" అనేవారు. మామయ్యగారికి నవ్వు రాలేదు. తువ్వాలు భుజాన వేసుకుని కంచరి మేస్త్రి దగ్గరికి వెళ్ళారు. మేస్త్రి అరవ మనిషి, తెలుగు కొంచెం కొంచెం వచ్చు.

"అమావాసై దినం మాకు లీవు సామీ. అన్నిక్కి సుత్తి ముట్టేది లేదు, కొలిమి ముట్టించేది లేదు. రొంబ మంచి దినం. అన్నిక్కే, ఆ దినమే పెట్టుకోండి."

ఈ కబురు తెచ్చి మామయ్యగారు ఇంట్లో చెప్పగానే అత్తగారు చేట కింద పెట్టేశారు. అమావాస్య నాడు మేము కొత్త గుడ్డ కట్టుకోము, ప్రయాణం పెట్టుకోము. ఇక కొత్త పాట మొదలుపెట్టడమా?

"అరవమోళ్ళకి అది మంచి దినమంట" అన్నారు మామయ్యగారు.

"మనం అరవమోళ్ళమా?"

"అయితే ఆంధ్రావోళ్ళమా? ఈ పిల్ల మాట్లాడేది నీకు సగం తెలీదు, నువ్వు మాట్లాడేది ఈ పిల్లకి సగం తెలీదు."

రెండు రోజులు ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. చివరికి ఉపాయం అత్తగారికే తోచింది. అమావాస్య నాడు మొదలుపెట్టకూడదు, అంతే కదా. ముందే ఎప్పుడో మంచిరోజున మొదలుపెట్టినదాన్ని ఆ రోజు కొనసాగిస్తే తప్పు లేదు కదా. ఆ వారంలోనే ఒక మంచి ఘడియ చూసుకుని, సుత్తులు మోగుతుండగానే, పాటలో మొదటి పాదం ఒక్కటి పాడి మిషన్ ఆపించారు. "అయిపాయ. మొదులు పెట్టేసినాం. ఇంక అమావాస్య వస్తే రానీ" అన్నారు. అమావాస్య నాడు మామయ్యగారు పొద్దున పెద్దలకి నీళ్ళు వదిలి, కాకికి పిండం పెట్టారు. భోజనాలయ్యాక ముగ్గురం గదిలోకి వెళ్ళాం. అవతల కార్ఖానా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో ఆమె రెండో పాదం నుంచి అందుకున్నారు.

అప్పటి నుంచి అదే పద్ధతి. ఆ రోజుల టేపులు ఏవి వేసినా మొదటి పాదం సుత్తుల మోతలో ఉంటుంది. రెండో పాదానికి లోకమంతా ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం అయిపోతుంది. అప్పుడప్పుడు దూరంగా హార్బరులో ఓడ కూత వినిపిస్తుంది, అంతే. తెలియనివాళ్ళు వింటే ఇదేమి విడ్డూరం అనుకుంటారు. మా ఇంట్లో పాట అంటే అలాగే ఉండేది.

ఈ పద్ధతిలో ఒక సంగతి ఉంది. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అమావాస్య నాడు గదిలో కూర్చోవాలంటే, ఈలోపు ఎప్పుడో ఒక మొదటి పాదం పుట్టి ఉండాలి. లేకపోతే ఆ నెల పోయినట్టే. ఆ భయంతో ఆమె నెలంతా వెతుక్కునేవారు. పప్పు ఏరుతూ, పిండి జల్లిస్తూ, తిరువొత్తియూరు గుడికి రైల్లో పోతూ, కిటికీలోంచి చూస్తూ పెదవులు కదుపుతూ ఉండేవారు. ఆమె పాటల్లో దేవుళ్ళు తక్కువ. ఉక్కపోత, రేషను కిరసనాయిలు, గోడ మీద పిల్లి, అలిగిన ఆడపడుచు, వీటి మీద కట్టేవారు. అవన్నీ ఆమె మాట్లాడే మాటల్లోనే ఉండేవి. "మన మాట ఏ పాటలోనూ లేదు పిల్లా. ఈడ పుట్టి ఈడ పెరిగినోళ్ళం, మాకొక పాట వద్దా?" అని ఒకసారి అన్నారు. గొప్పగా అనలేదు. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు అన్నారు.

నేను అప్పుడప్పుడు పత్రికలకి నాలుగు ముక్కలు రాస్తుంటాను. రాయడం కన్నా రాయకపోవడానికి కారణాలు చెప్పడంలో నాకు నేర్పు ఎక్కువ. ఒకసారి, "మనసు కుదరడం లేదు అత్తయ్యగారూ" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూశారు.

"మనసు కుదిరినాక వంట చేస్తాండావా దినమూ? పొయ్యి ముట్టిస్తావు. మనసు ఎనకమాల వస్తాది."

ఈ మాట నేను తర్వాత ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నాకు నేను చెప్పుకున్నది ఇంకా ఎక్కువ. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కూర్చున్నప్పుడు కూడా అదే చెప్పుకున్నాను.

గదిలో జరిగిన ఇంకో విషయం చెప్పాలి. చెప్పవచ్చో లేదో తెలియదు, అయినా చెబుతాను. టోకు బజారులో మా మామయ్యగారి కాలం నాటి వ్యాపారులు బేరం నోటితో ఆడేవారు కాదు. ఇద్దరూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు. చుట్టూ ఉన్నవాళ్ళకి ఏమీ తెలియదు. టేపు తిరుగుతుంటే గదిలో ఎవరూ మాట్లాడకూడదు కదా. గొంతు పెంచమనో, నెమ్మది అనో, ఇక చాలనో ఆమెకి చెప్పాలి. అందుకని మామయ్యగారు ఆమె పక్కనే కూర్చుని, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, పైన తువ్వాలు కప్పేవారు. ఎవరి ఎదుటా ఒకరి పక్కన ఒకరు కూర్చునే మనుషులు కారు వాళ్ళు. నేను మిషన్ వైపు తల తిప్పుకుని, స్పూలు చూస్తూ ఉండేదాన్ని. కొన్నిసార్లు పాట అయిపోయాక కూడా ఆ తువ్వాలు కాసేపు అక్కడే ఉండేది. నేను టేపు ఆపకుండా ఇంకొంచెం తిరగనిచ్చేదాన్ని.

డెబ్భైల దశకం మధ్యలో మామయ్యగారు పోయారు. గుండె ఆగింది. కొట్టులో త్రాసు పక్కనే ఒరిగిపోయారు.

అత్తగారు ఏడవాల్సినంత ఏడ్చారు. తర్వాత లేచి పనులు చేసుకున్నారు. కానీ గదికి తాళం పడింది. తాళంచెవి ఆమె బొడ్లో ఉండేది, తీయరు. నెలలు గడిచాయి. అమావాస్య వచ్చేది, మా ఆయన తండ్రికి నీళ్ళు వదిలేవారు, అవతల సుత్తులు ఆగి ఉండేవి, ఆమె వంటింట్లోనే ఉండేవారు. మధ్యలో మొదటి పాదాలు పాడడం కూడా మానేశారు. చేట చేతిలో ఉండేది, పెదవులు కదిలేవి కావు.

నాకు ఓపిక తక్కువ. చూసి చూసి ఒకరోజు అడిగేశాను. "ఆయన గోతాలు కొట్టించిన గది అత్తయ్యగారూ. మూసిపెడితే ఆయనకి మాత్రం బాగుంటుందా?"

"ఎవురి కోసం పాడేది?" అన్నారు ఆమె.

నేను వింటాను కదా అనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆమె అడిగింది అది కాదని తెలుసు.

ఆ ఏడాదే కంచరి మేస్త్రి కార్ఖానా ఎత్తేసి తిరువొత్తియూరు వైపు పెద్ద షెడ్డులోకి మార్చేశాడు. సుత్తులు పోయాయి. పెరట్లో ఏ రోజైనా, ఏ వేళైనా నిశ్శబ్దమే. నేను సంబరపడిపోయాను. ఇక అమావాస్య దాకా ఆగక్కర్లేదు, మంచిరోజు చూసుకుని ఎప్పుడైనా పాడుకోవచ్చు కదా అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

"ఇంక నాకు అన్ని దినాలూ అమావాస్యే పిల్లా" అన్నారు.

ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది. మనిషి తింటోంది, తిరుగుతోంది, నవ్వుతోంది కూడా. కానీ లోపల ఏదో ఆరిపోతోందని తెలుస్తోంది. పాట గది ఇక తెరుచుకోదేమో అనుకున్నాను. మళ్ళీ అక్కడ మిరపకాయలు వేసుకుందామా అని మా ఆయన ఒకసారి అన్నారు. ఆమె కాదనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత వచ్చిన ఒక అమావాస్య. మా ఆయన నీళ్ళు వదిలారు. తర్పణం చేయించిన శాస్త్రిగారు దక్షిణ తీసుకుని లేవబోతుంటే, అత్తగారు తలుపు చాటు నుంచి అడిగారు.

"సామీ, నిజంగా వస్తారా?"

ఆయన ఆగారు. "వస్తారమ్మా. ఈ రోజు పితృదేవతలు గడప దాకా వచ్చి నిలబడతారు. పిల్లలు తలుచుకుంటున్నారా లేదా అని చూసుకుని పోతారు" అన్నారు.

ఆమె కాకికి పెట్టి, అందరికీ వడ్డించి, తాను రెండు ముద్దలు తిని, చేతులు కడుక్కుని, బొడ్లోంచి తాళంచెవి తీశారు. మొదట చూసింది మా ఆయన.

"అమ్మా, ఏంది ఇది? ఇప్పుడే కదా నీళ్ళు వదిలినా. ఈ దినం ఎవురన్నా పాట మొదులు పెడతారా? నువ్వే కదా వద్దంటివి, ముందు దినమే మొదులు పెట్టాలని?"

"ఈ దినమే మొదులు పెడతా" అన్నారు ఆమె. "మీ నాయన ఈ దినమే కదరా వచ్చేది. నువ్వు పిలిస్తేనే కదా వచ్చినాడు. గడప కాడ నిలబడుంటాడంట. వచ్చి చూసి, గదికి తాళం ఉంటే ఏమనుకుంటాడు? నేను పోయినాను, నా ఎనకమాలే పాట కూడా పోయిందే అనుకోడా?"

మా ఆయన పక్కకి జరిగి దారి ఇచ్చారు.

గదిలో బూజు పట్టి ఉంది. నేను చీపురు తేబోతే, "సుమ్మా ఉండవే, బూజు ఉంటే ఉండనీ, మిషన్ పెట్టు" అన్నారు. స్పూలు ఎక్కించాను. ఆమె ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నారు. మామయ్యగారి తువ్వాలు ఇంకా గోడ మేకుకే వేలాడుతోంది. దుమ్ము దులిపి, ఎడమ చెయ్యి పక్కకి చాచి, ఆ ఖాళీ చేతి మీద తువ్వాలు కప్పుకున్నారు. నేను మీట నొక్కాను.

"గడప కాడ నిలబడేది ఏమిటికి, లోపలికి రా
నువ్వు కట్టిన గోతాల గది, నీకు చెప్పాల్నా దోవ?"

గొంతు బొంగురుగా వచ్చింది. రెండో చరణంలో దారి తప్పారు. తప్పినచోట ఆగి, తువ్వాలు వైపు చూసి, కొంచెం నెమ్మది చేసి మళ్ళీ అందుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. టేపు తిరుగుతోంది కాబట్టి చప్పుడు చేయకూడదు. కొంగు నోట్లో కుక్కుకుని, మీట మీద వేలు తీయకుండా ఏడ్చాను. ఆ టేపు మొదట్లో సుత్తులు లేవు. మొదటి పాదం నుంచీ ఆమె ఒక్క గొంతే ఉంది.

ఆ తర్వాత ఆమె ఏ అమావాస్యా వదల్లేదు. జ్వరం వచ్చినా వదల్లేదు. పాట సిద్ధంగా లేకపోతే, సిద్ధంగా లేదని పాడేవారు. ఒక టేపు మీద ఆమె మామయ్యగారికి ఇంటి కబుర్లన్నీ రాగంలో చెప్పారు. పప్పు రేటు, పక్కింటి పెళ్ళి, నేను మాడ్చిన వంకాయ కూర, అన్నీ ఉన్నాయి. నా వంకాయ కూర సంగతి పైవాళ్ళ దాకా పోవాలా అని పోట్లాడాను. "ఆయనకి అబద్ధం చెప్పమంటావా?" అన్నారు. స్పూలు టేపులు దొరకడం కష్టమైతే క్యాసెట్ల మిషన్ కొన్నాం. ఆమెకి అది నచ్చలేదు. తిరగడం కనపడదు కదా అనేవారు. అందుకని పాత మిషనే బాగుచేయించుకుంటూ వచ్చాం.

పోయిన నెల అమావాస్య నాడు కూడా పాడారు. గొంతు సన్నబడింది, చరణం మధ్యలో రెండు చోట్ల గాలి అందలేదు. అయిపోయాక వినిపించనా అంటే వద్దన్నారు. "నాకెందుకు? విన్నోళ్ళు విన్నారు" అన్నారు.

కర్మలు అయ్యాక మొన్న అమావాస్య వచ్చింది. పొద్దున మా ఆయన తల్లికీ తండ్రికీ కలిపి నీళ్ళు వదిలారు. భోజనాలు అయ్యాయి. వచ్చిన చుట్టాలు పడుకున్నారు. నాకు ఒక్కచోట కూర్చోబుద్ధి కాలేదు. తాళం తీసి గదిలోకి వెళ్ళి, ఆమె పాటల స్పూలు ఒకటి తీసి మిషన్ మీద ఎక్కిస్తున్నాను. ఆమె కూడా గడప దాకా వచ్చే ఉంటారు, గది మూగగా ఉంటే ఎట్లా అని. గుమ్మం దగ్గర అలికిడి అయింది. చూస్తే మా ఆయన.

"ఏం వేస్తాండావు?"

"అత్తయ్యగారి పాటలు."

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఆమె పాటలు ఆమెకే వినిపిస్తావా? ఆమెకి తెలీనివా అవి?"

నేను స్పూలు చేత్తో పట్టుకుని నిలబడిపోయాను. ఆయన చెప్పులు విడిచి, తల వంచి, లోపలికి వచ్చారు. గోడల వైపు ఒకసారి చూశారు. మైకు కింద చాప మీద, తల్లి కూర్చునే చోట కాకుండా కాస్త పక్కగా కూర్చున్నారు.

"కొత్త టేపు పెట్టు."

"ఏం పాడతారు?"

"తెలీదు. పెట్టు."

ఖాళీ స్పూలు ఎక్కించి మీట నొక్కాను. టేపు తిరగడం మొదలైంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన గొంతెత్తి పాడగా నేను వినలేదు. చివరికి "అమ్మా" అన్నారు. తర్వాత ఏమనాలో తెలియలేదు కాబోలు, మళ్ళీ "అమ్మా" అనే అన్నారు, ఈసారి కొంచెం పైకి, రాగంలో. శ్రుతి లేదు. కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేసుకుంటున్నారు. ఆయన మణికట్టుకి పొద్దున నీళ్ళతో వదిలిన నల్లనువ్వులు ఇంకా అంటుకునే ఉన్నాయి.